టేపుగాడికి, ఆలస్యంగా

ఒరేయ్ టేపూ,

ముందు తిట్టాల్సింది తిట్టేసి తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను, ఇది మూడోది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పెద్దాడి పరీక్షలయ్యాయి. నా మోకాలు నిచ్చెన ఎక్కేటప్పుడు మూలుగుతోంది, దిగేటప్పుడు తిడుతోంది. నీ బదిలీ సంగతి తర్వాత అడుగుతాను. నెల రోజులుగా ఒక విషయం కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ముందు అది కక్కేయాలి. మా ఆవిడకి కూడా సగమే చెప్పాను.

ఒక పాత ఇల్లు. కొనేవాళ్ళ తరఫున చూసి రిపోర్టు ఇవ్వాలి. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. ఇంటికి నిగనిగలాడే కొత్త రంగు. కొత్త రంగు చూస్తే నా చేతికి దురదని నీకు తెలుసుగా! పొద్దున ఎనిమిదికి వెళ్ళినవాణ్ణి చీకటి పడేదాకా వదల్లేదు. టైలు టైలూ తట్టాను (డొల్ల అని ఊరికే పేరు పెట్టారా మీరంతా?). ప్రతి ప్లగ్ పాయింట్‌లో టెస్టర్ పెట్టాను, గోడ గోడకీ చెమ్మ మీటర్ ఆనించాను. మూడు రాత్రులు కూర్చుని రాశాను. 94 పేజీలు, 212 అంశాలు, 318 ఫోటోలు. వాటిలో నాలుగు ఒకే అలమర తలుపు మీద ఒకే గీతవి, నాలుగు కోణాల్లో. పంపేటప్పుడు మీసం మెలేశాను కూడా, నవ్వకు.

మూడో రోజు ఆయన ఫోన్. "సార్, ఏడో పేజీలో అలమర గీత అన్నారు కదా, అది చూపించి రేటు తగ్గించమని అడగొచ్చా?" ఇరవై నిమిషాలు ఆ గీత గురించే మాట్లాడుకున్నాం. నేనూ మాట్లాడాను రా, అదే సిగ్గు. 61వ పేజీ చూశారా అని ఒక్క ముక్క అడగలేదు.

61లో ఉన్నది 137వ అంశం: బాత్రూమ్‌లో గీజర్ పాయింట్‌కి ఎర్త్ వైరు లేదు. అక్కణ్ణుంచి 27 పేజీల తర్వాత, 88లో, 198వ అంశం: మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చి) టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ కాలేదు. ఒకటి బాత్రూమ్ కింద రాశాను, ఒకటి మెయిన్ బోర్డు కింద. రెండింటి పక్కనా ఒకే మాట, "మరమ్మతు అవసరం". అలమర గీత పక్కనా అదే మాట.

నీకు చెప్పక్కర్లేదు గానీ, చెప్పుకుంటేగానీ నా కసి తీరదు. గీజర్ లోపల ఎలిమెంట్ చిట్లితే కరెంటు నీళ్ళలోకీ, కుళాయిలోకీ వస్తుంది. ఎర్త్ ఉంటే అటు పోతుంది. అది లేకపోయినా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బాగుంటే కరెంటు మనిషి ఒంట్లోంచి లీకైన మరుక్షణం లైను కట్ చేస్తుంది. ఈ ఇంట్లో మొదటిదీ లేదు, రెండోదీ పనిచెయ్యదు. రెండూ కనిపెట్టిన మహానుభావుణ్ణి నేనే! ఆ రెండూ ఒకే ప్రమాదమని రాయనివాణ్ణీ నేనే.

వాళ్ళు ఇల్లు కొన్నారు, దిగారు. పెద్దావిడ రెండు రోజులు చెప్పిందట, "కుళాయి కొరుకుతోందిరా" అని. వయసు కదా, తిమ్మిర్లేమో అనుకున్నారట. మూడో రోజు చిన్న పిల్ల తడిచేత్తో కుళాయి ముట్టుకుని కెవ్వుమంది. దేవుడి దయ, జివ్వుమనడంతో పోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపేసి, "ఇన్నాళ్ళు ఎలా ఉన్నారండీ" అన్నాడట.

ఆయన ఫోన్ చేస్తే నా నోట్లోంచి మొదట వచ్చిన మాటేంటో తెలుసా? "అది రిపోర్టులో రాశానండీ."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "రాశారు సార్. దాచారు కూడా."

అరిచినా బాగుండేది రా.

నువ్వు నవ్వుతావని తెలుసు, "అంతా నావల్లే" అని. అవును, కొంత నీవల్లే! నీ బాత్రూమ్ గోడ కథ తర్వాతే కదా నేనిలా తయారైంది. నువ్వేమో "బాత్రూమ్ గోడకు చెమ్మ ఉంది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నావు. ఏ గోడో చెప్పలేదు. ఆ మేస్త్రీ బంగారంలాంటి గోడ పగలగొట్టి, "ఇందులో చెమ్మ లేదండీ" అంటూ నిలబడ్డం... ఇప్పటికీ తల్చుకుంటే పొట్ట పట్టుకుంటాను. ఆ రోజే ఒట్టేసుకున్నాను, ఏదీ వదలకూడదని. ఇంకోటి కూడా ఉంది, నీ దగ్గర దాపరికం ఎందుకు. సగం భయంతో రాస్తున్నాను. రేపెవరైనా అడిగితే "ఇదిగో, ఫలానా పేజీలో ఉంది" అని చూపించడానికి. చూపించాను కదా, చాలా బాగా అయింది.

అమెరికాలో 1976 నుంచి ఉన్న, మనలా ఇళ్ళు తనిఖీ చేసేవాళ్ళ సంఘం ఆషీ నియమాలు మళ్ళీ తీసి చదివాను. సరిగ్గా పనిచెయ్యనిది, ప్రమాదకరమైనది, ఆయుష్షు దగ్గర పడ్డది చెప్పమంటారు. ఎందుకో చెప్పాలి, ఏం చెయ్యాలో చెప్పాలి. రంగులూ పైపూతలూ చూడాల్సిన పనే లేదట. నా 212లో ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టా. పందొమ్మిది!

ఆదివారమంతా కూర్చుని ఆ రిపోర్టే మళ్ళీ రాశాను, ఎవరూ అడక్కపోయినా. మొదటి పేజీలో ఐదే. అన్నిటికన్నా పైన: "గీజర్ వాడకండి. ఎర్త్ లేదు, ఆర్‌సీసీబీ ట్రిప్ కావడం లేదు. రెండూ కలిస్తే ప్రాణాపాయం. ఇంట్లో దిగకముందే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి." అంతకుముందు పూతలో వెంట్రుకవాసి బీటలకే 63 అంశాలు పెట్టాను. వాటిని ఒక్క లైను చేశాను: ఏదీ మిల్లీమీటరు దాటలేదు, రంగు వేసేటప్పుడు లప్పం పెడితే చాలు. కానీ కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన పగులు ఒకటుంది చూడు, నాణెం దూరేంత, దానికి మాత్రం అర పేజీ ఇచ్చాను. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, వెడల్పు ఎంత, రెండు చివర్లా పెన్సిల్ గీత పెట్టి తేదీ వేశాను, మూడు నెలల తర్వాత మళ్ళీ కొలవాలి, పెరిగితే స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాలి. ఇలాంటి చోట పిసినారితనం చేస్తే నీ గోడ కథే.

చూడలేకపోయినవి కూడా ముందుకే తెచ్చాను. తాళం వేసిన అటక, బీరువా వెనక గోడ. ఇదివరకు అవి చివరి పేజీలో చీమలంత అక్షరాల్లో ఉండేవి.

మొత్తం ఎన్ని పేజీలైందో చెప్పనా? పద్నాలుగు. ఫోటోలు వెనక విడిగా, గదుల వారీగా. కానీ ఒక్కటి ఇంకా తేలలేదు. ఆ 63 బీటల్లో రేపు ఏదైనా పెరిగితే, అది ముందు నుంచీ ఉందో లేదో చెప్పడానికి ఫోటో కావాలి కదా? అన్నీ దాచాలా, లేక గదికి ఒకటి చాలా? నాకైతే గదికి ఒకటి... ఉండు, కింద కుర్రాడు హారన్ కొడుతున్నాడు. నిచ్చెన బండికి కట్టేశాడు, ఇవాళ రెండంతస్తుల ఇల్లు. పై మాటకి జవాబు నువ్వే రాయి. ఏ గోడో కూడా రాయి, ఒరేయ్!

నీ
డొల్ల