.32 లాంగ్ వాడే మా కస్టమర్లకి, తూటాల సంగతి ఉన్నదున్నట్టు

.32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ తూటాలు మళ్లీ ఎప్పుడొస్తాయని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. వచ్చే నెల, ఆ పై నెల అంటూ మిమ్మల్ని తిప్పుకోవడం మాకు ఇష్టం లేదు. సరుకు వస్తుంది, కానీ కొద్దికొద్దిగానే వస్తుంది, ధర దిగే సూచనలైతే మాకు కనిపించడం లేదు. అందుకే ఈ కాలిబర్ (తూటా సైజు) విషయంలో షాపు పద్ధతి మారుస్తున్నాం. ఎందుకో, మీ వైపు నుంచి ఏం చేస్తే ఖర్చు తగ్గుతుందో రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు కొరత ఎందుకో చెప్తాను. తూటాల ఫ్యాక్టరీలో ఒక మెషీన్‌ని ఒక కాలిబర్ నుంచి ఇంకో కాలిబర్‌కి మార్చాలంటే పని ఆపాలి, టూలింగ్ మార్చాలి, మళ్లీ పరీక్షించుకోవాలి. 9 ఎంఎం అడిగేవాళ్లు కోట్లలో ఉన్నప్పుడు .32 లాంగ్ కోసం ఆ మెషీన్ ఆపాలని ఎవరికీ అనిపించదు, ఎప్పుడో ఒకసారి ఒక విడత తీస్తారు, అది అయిపోతే మళ్లీ ఎదురుచూపే. దానికి తోడు మన తూటాలో పెట్టే స్మాల్ పిస్టల్ ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూత), 9 ఎంఎంలో పెట్టేదీ ఒకటే. 2020లో 9 ఎంఎం కోసం జనం ఎగబడ్డప్పుడు ప్రైమర్లన్నీ అటే పోయాయి, అదే ఏడాది రెమింగ్టన్ దివాలా తీసింది. ఆ తర్వాత ఉక్రెయిన్ యుద్ధం. పౌడర్‌కి, అంటే తూటాలోని మందుకి, మూలమైన నైట్రోసెల్యులోజ్ ఫిరంగి గుండ్లకీ కావాలి, సైన్యాల ముందు మనం ఎంత? తక్కువమంది వాడే కాలిబర్ వాళ్లకి అందరి కష్టమూ వచ్చి తగులుతుంది, అందరికీ ఊరట దొరికాకే మన వంతు వస్తుంది.

ఇంతా చేసి ఇదేమీ చచ్చిపోయిన కాలిబర్ కాదు. 1896 నుంచీ ఉంది. 25 మీటర్ల సెంటర్ ఫైర్ (ప్రైమర్ తూటా అడుగు మధ్యలో ఉండే రకం) పిస్టల్ పోటీల్లో ఇప్పటికీ దీని మీద నమ్మకం పెట్టుకున్న షూటర్లు చాలామంది. వాల్టర్ జీఎస్పీలో .32 రకం, పార్డినీ హెచ్‌పీ లాంటి పిస్టళ్లు దీని కోసమే తయారయ్యాయి. కుదుపు తక్కువ, గురి బాగా కుదురుతుంది. నన్నడిగితే కాగితం మీద కొట్టడానికి దీన్ని మించిన సెంటర్ ఫైర్ తూటా లేదు, షాపుకి లాభం తక్కువైనా దీన్ని వదలకపోవడానికి కారణం కూడా అదే.

ఇక అసలు మాట. ఈ కాలిబర్‌లో మీ డబ్బంతా ఉండేది ఇత్తడి కేసులో, అంటే మిగతావన్నీ పట్టి ఉంచే ఆ గొట్టంలో. బుల్లెట్ (తూటా ముందు భాగంలో ఉండి ఎగిరి వెళ్లే ముక్క) పోతుంది, పౌడర్ కాలిపోతుంది, ప్రైమర్ పేలిపోతుంది, కేసు ఒక్కటే మీ చేతికి తిరిగొస్తుంది. .32 లాంగ్ తక్కువ ఒత్తిడితో పనిచేసే తూటా కాబట్టి జాగ్రత్తగా వాడితే ఒక్కో కేసు చాలాసార్లు రీలోడ్ అవుతుంది, అంటే మళ్లీ నింపి కాల్చుకోవచ్చు, మూతి దగ్గర సన్నగా చీలేదాకా. పౌడర్ కూడా అతి తక్కువ పడుతుంది, ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు (పౌడర్ తూచే చిన్న కొలత), ఒక్కో తూటాకి అందులో చిటికెడు కూడా పోదు. చౌక పెట్టెల కోసం ఎదురుచూడటం మాని, ఒకసారి గట్టిగా డబ్బు పెట్టి మంచి కేసులు కొనుక్కుని వాటిని కాపాడుకున్నవాళ్లకే ఈ కాలిబర్ చవగ్గా పడుతుంది. నా ఉద్దేశంలో ఇంకో దారి లేదు.

అందుకని ఇక మీదట ఈ కాలిబర్‌కి మేం పెట్టే పెట్టుబడిలో ఎక్కువ భాగం కొత్త కేసులకీ బుల్లెట్లకీ ప్రైమర్లకీ వెళ్తుంది, ఫ్యాక్టరీ తూటాలకి కాదు. ఫ్యాక్టరీ పెట్టెలు వచ్చినప్పుడు ఒక్కొక్కరికి పరిమితి ఉంటుంది, అది ఎంతన్నది వచ్చిన సరుకుని బట్టి చెప్తాం. పోటీ దగ్గర పడ్డవాళ్లు ముందే చెబితే వాళ్లకి పక్కన పెడతాం. ఒక్కరే వచ్చి మొత్తం పట్టుకుపోవడం ఇక కుదరదు, పాత కస్టమరైనా సరే. కొందరికి కోపం రావచ్చు, కానీ ఉన్న కొద్దిపాటి సరుకు నలుగురికీ అందాలి కదా.

పాత కేసులు కలగాపులగంగా బస్తాల్లో అమ్మడం కూడా ఆపేస్తున్నాం. 9 ఎంఎం వాళ్లకి అది నడుస్తుంది, మనకి నడవదు. పేరులో 32 ఉన్నవి నాలుగైదు రకాలున్నాయి. పొట్టిదైన .32 ఎస్ అండ్ డబ్ల్యూ కేసు పొడవు సుమారు 15 మిల్లీమీటర్లు, .32 ఏసీపీది 17, మనది 23.4. .32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నం ఇంకా పొడుగు, .327 ఫెడరల్ అంతకన్నా పొడుగు. ఆ రెండు రకాల రివాల్వర్లలో మన .32 లాంగ్ వేసి కాల్చుకోవచ్చు, కానీ వాటి తూటాలు మన తుపాకీలో ఎప్పుడూ పెట్టకూడదు, ఒత్తిడి చాలా ఎక్కువ. అలాగే .32 ఏసీపీ కొన్ని పాత రివాల్వర్లలో దూరుతుంది, దూరింది కదా అని కాల్చేయకండి. ఎక్కడైనా పాత పెట్టె మీద .32 కోల్ట్ న్యూ పోలీస్ అని కనిపిస్తే మాత్రం వదలకండి, అది మన తూటాయే, కోల్ట్ కంపెనీ పోటీదారు పేరు ఎందుకు వాడాలని వేరే పేరు పెట్టుకుంది, బుల్లెట్ ముక్కు కాస్త చదునుగా ఉంటుంది, అంతే తేడా.

బుల్లెట్ల విషయంలో డబ్బు వృథా చేసుకుంటున్నవాళ్లని చాలామందిని చూస్తున్నాను. చవగ్గా దొరికిందని గుండ్రటి ముక్కు బుల్లెట్లు పెట్టె నిండా కొంటారు, ఇంటికెళ్లాక తెలుస్తుంది, టార్గెట్ పిస్టల్ మ్యాగజైన్‌లో ఆ తూటా పట్టనే పట్టదని. ఆ పిస్టళ్లు వాడ్‌కట్టర్ కోసం కట్టినవి. ముక్కంటూ లేకుండా డబ్బాలా ఉండే ఆ బుల్లెట్ కేసు మూతితో సమానంగా లోపల కూర్చుంటుంది, కాగితంలో పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రంగా రంధ్రం చేస్తుంది. రివాల్వర్ ఉన్నవాళ్లు ఏదైనా వాడుకోవచ్చు. ఇంకోటి, బుల్లెట్ వ్యాసం .312 నుంచి .314 అంగుళాల దాకా ఉంటుంది, మీ బ్యారెల్‌కి ఏది సరిపోతుందో కొలిపించుకునే కొనండి. కొలవకుండా కొన్న బుల్లెట్ గురి తప్పితే తుపాకీని తిట్టుకుని లాభం లేదు.

కొత్తగా రీలోడింగ్ మొదలుపెడదామనుకునే వాళ్లకి: మీరున్న చోట చట్టం ఇంట్లో రీలోడింగ్‌ని ఒప్పుకుంటుందా, దానికి వేరే లైసెన్సు కావాలా, పౌడర్, ప్రైమర్లు ఎంత మేరకు ఉంచుకోవచ్చు, ఇవన్నీ తెలుసుకున్నాకే మా దగ్గరికి రండి. కొన్ని దేశాల్లో ఇది అసలు కుదరదు. లైసెన్సు చూడకుండా మేం ఏమీ ఇవ్వం, ఆ విషయంలో మొహమాటం లేదు.

మొదట సింగిల్ స్టేజ్ ప్రెస్ (ఒక్కసారికి ఒకే పని చేసే రీలోడింగ్ యంత్రం) చాలు. కేసుని మళ్లీ సైజుకి తెచ్చే ఒక కార్బైడ్ డై సెట్, కేసుని ప్రెస్‌లో పట్టి ఉంచే సరైన షెల్ హోల్డర్, మంచి త్రాసు, కొలతలకి కాలిపర్. ప్రోగ్రెసివ్ ప్రెస్ (అన్ని పనులూ వరసగా ఒకేసారి చేసేసేది) కొనమని మేం చెప్పం, అది ఖరీదైనదే అయినా, అమ్మితే మాకు ఎక్కువ మిగిలేదే అయినా. ఎందుకంటే ఈ తూటాలో అసలు ప్రమాదం డబుల్ చార్జ్. పౌడర్ ఎంత తక్కువ పడుతుందంటే రెండుసార్లు పోసినా కేసు పొంగదు, పైకి ఏమీ తెలియదు. అందుకే చెక్క పళ్లెంలో యాభై కేసులు వరసగా నిలబెట్టి, పౌడర్ పోశాక బుల్లెట్ పెట్టకముందే టార్చి పట్టుకుని ఒక్కో కేసులోకి చూడాలి. అన్నిట్లో మట్టం ఒకేలా కనిపించాలి. ఒక్కదాంట్లో అనుమానం వచ్చినా దాన్ని ఒంపేసి మళ్లీ పోయండి. పౌడర్ పడకపోయినా ప్రమాదమే: ప్రైమర్ బలానికి బుల్లెట్ కాస్త కదిలి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది, వెనకాలే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పోతుంది, చెయ్యి కూడా పోవచ్చు. చప్పుడు చిన్నగా వచ్చిందనిపిస్తే అక్కడికక్కడ ఆగి, ఖాళీ చేసి, బ్యారెల్ చూసుకోండి. పోటీ మధ్యలోనైనా సరే.

ఫోన్‌లో పౌడర్ ఎంత పోయాలని దయచేసి అడగకండి. పౌడర్ తయారీదారు అచ్చువేసిన డేటా ఉంటుంది, మీ బుల్లెట్ బరువుకి, రకానికి అందులో ఉన్నదే వాడాలి, అది కూడా కింది అంకె నుంచి మొదలుపెట్టి. అడుగు బోలుగా ఉండే వాడ్‌కట్టర్లకి ఇది మరీ ముఖ్యం. వేగం పెంచాలని పోస్తే అడుగున ఉన్న పల్చటి అంచు ఊడి బ్యారెల్‌లోనే ఉండిపోవచ్చు. ఈ తూటా నెమ్మదిగా వెళ్లేందుకే పుట్టింది, నెమ్మదిగానే వెళ్లనివ్వండి.

కేసులు పరీక్షించడానికి ఒక సులువైన పద్ధతి చెప్తాను. కడిగి ఆరబెట్టిన కేసులు అయిదారు గుప్పిట్లోకి తీసుకుని మెల్లగా ఆడించండి. బాగున్నవి గజ్జెల్లా మోగుతాయి. ఒకదానికి పగులుంటే ఆ గలగలలో బొంగురు చప్పుడు వస్తుంది. ఒక్కొక్కటీ తీసి వేస్తూ పోతే అది ఏదో దొరికిపోతుంది, చాలాసార్లు ఆ పగులు కంటికి ఆనదు, వెలుతురులో తిప్పి చూస్తే మూతి దగ్గర వెంట్రుకంత గీత. పగిలినవి పారేయకండి, తెచ్చివ్వండి, ఇత్తడి తుక్కు కింద లెక్కగట్టి కొత్త కేసుల ధరలో తగ్గిస్తాం.

కాల్చిన కేసులు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, వాటికి అంటిన సీసం కంటికి కనబడదు. రీలోడింగ్ బల్ల మీద టీ, టిఫిన్ వద్దు. పిల్లలు తిరిగే గదిలో ఈ పని పెట్టుకోకండి.

చాలామంది అడిగిన ఇంకో విషయం: ఎవరో రీలోడ్ చేసిన తూటాలు మేం కొని అమ్మొచ్చు కదా అని. అమ్మం. దాంట్లో ఏం పోశారో నాకు తెలియదు, తెలియనిదాన్ని మీ చేతిలో పెట్టలేను. మీరు కూడా స్నేహితుల దగ్గర తీసుకుని కాల్చకండి.

కేసులకి, వాడ్‌కట్టర్లకి కలిపి ఒక పెద్ద ఆర్డర్ పెడుతున్నాం. నలుగురివీ కలిస్తే రవాణా ఖర్చు ఒక్కొక్కరి మీద తక్కువ పడుతుంది, ప్రమాదకర సరుకు కింద అదనపు చార్జీ పడే ప్రైమర్లకి, పౌడర్‌కి అయితే మరీను. కావలసినవాళ్లు కౌంటర్ దగ్గర పేరు రాయించండి. తుపాకీ మోడల్ ఏదో, వాడ్‌కట్టరా గుండ్రటి ముక్కా, బ్యారెల్ కొలత తెలిస్తే అది, చెప్పండి. బ్యారెల్ కొలత తెలియకపోతే ముందు కొలిపించుకోండి. అడ్వాన్సు సగం. సరుకు రాకపోతే మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.