రాత్రి సర్దితే పొద్దున్నకి మళ్లీ చిందరవందర

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో నీ గొంతు వింటేనే ఎంత టెన్షన్‌లో ఉన్నావో తెలిసింది. రిపోర్ట్ నెమ్మదించిందన్నావు. డేటాబేస్‌లో ఇండెక్స్ (టేబుల్‌లో త్వరగా వెతకడానికి వరసలో పెట్టుకునే ఏర్పాటు) 99 శాతం ఫ్రాగ్మెంట్ అయింది, అంటే దాని పేజీల వరస చెదిరిపోయిందన్నావు. రీబిల్డ్ చేసి కొత్తగా కట్టినా నిలవట్లేదన్నావు. అటు వాళ్లెవరో పిలుస్తుంటే మాట సగంలో ఆగిపోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

పోయినేడాది ఇదే బాధ నేనూ పడ్డాను. మందులు పంపిణీ చేసే ఒక కంపెనీ, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్, అందులో బిల్లుల టేబుల్. మధ్యాహ్నం చేత్తో రీబిల్డ్ చేస్తే ఒక శాతం లోపుకి దిగేది. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లేవాణ్ణి. పొద్దున వచ్చి చూస్తే 97. మూడు రోజులు ఇదే వరస. నాలుగో రాత్రి ఆఫీసులోనే ఉండిపోయి, రాత్రి నడిచే మెయింటెనెన్స్ జాబ్‌లో ఒక్కో స్టెప్ అయ్యాక కొలిచాను. రీబిల్డ్ అయ్యాక బాగానే ఉంది. ఆ వెనకే ఇంకో స్టెప్ ఉంది, డేటాబేస్ ష్రింక్, అంటే ఫైలుని కుదించడం. అది ముగిసేసరికి అంకె మళ్లీ పైకి!

ఎప్పుడో డిస్క్ నిండిపోయినప్పుడు ఎవరో పెట్టి తీయడం మరిచిపోయిన స్టెప్ అది. ష్రింక్ చేసే పని ఏమిటంటే, ఫైలు చివర ఉన్న పేజీలను తీసుకొచ్చి ముందు వైపు ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ పెట్టడం. ఇండెక్స్ వరస దానికి పట్టదు. రీబిల్డ్‌కేమో కొత్త కాపీ కట్టడానికి చోటు కావాలి, అందుకని ఫైలు పెరుగుతుంది. పెరిగిందాన్ని ష్రింక్ కోస్తుంది. రోజూ రాత్రి ఈ రెండూ ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుంటున్నాయన్నమాట. కాబట్టి నువ్వు ముందు చూడాల్సింది ఇదే. జాబ్‌లో ష్రింక్ ఉందా, డేటాబేస్‌కి ఆటో ష్రింక్ ఆన్‌లో ఉందా?

అది తీసేశాక ఉపశమనం వచ్చింది గానీ పూర్తిగా కాదు. రెండో కారణం కీలో ఉంది. మీ నాన్నగారి కొట్లో ఖాతా పుస్తకం గుర్తుందా? పేర్ల వరసలో రాసేవారు. ఒక పేజీ నిండిపోయాక అదే అక్షరంతో కొత్త మనిషి వస్తే, సగం పేర్లు చివరి పేజీలోకి ఎక్కించి, ‘మిగతావి ఫలానా పేజీలో’ అని రాసేవారు కదా. పేజ్ స్ప్లిట్ అంటే అచ్చంగా అదే. ఇక్కడ పేజీ 8 కిలోబైట్లు. మా టేబుల్ క్లస్టర్డ్ కీ, అంటే టేబుల్‌ని ఏ కాలమ్ వరసలో పేరుస్తారో అది, జీయూఐడీ (GUID) అనే పొడవాటి గుర్తింపు సంఖ్య, దాన్ని పుట్టించేది అప్లికేషన్. వరస లేని విలువలు కదా, కొత్త బిల్లు ఎక్కడైనా మధ్యలోనే పడుతుంది. నిండిన పేజీ రెండుగా చీలుతుంది, రెండూ సగం సగం ఖాళీ.

నన్నడిగితే ఆ ఖాళీయే అసలు నష్టం. ఎస్‌ఎస్‌డీ మీద పేజీల వరస తప్పడం అంత బాధించదు. సగం ఖాళీ పేజీలు మాత్రం మెమరీలోనూ అంతే చోటు తింటాయి. ఇండెక్స్ పరిస్థితి కొలిచే ఫిజికల్ స్టాట్స్ ఫంక్షన్‌ని లిమిటెడ్ మోడ్‌లో నడిపితే పేజీ ఎంత నిండిందో చెప్పే కాలమ్ నల్ (విలువ లేకుండా) వస్తుంది. శాంపుల్డ్ మోడ్‌లో నడుపు. పేజీలు 1000 కూడా లేని ఇండెక్స్ గురించి అసలు ఆలోచించకు.

కీ మార్చడం మా చేతిలో లేదు, బ్రాంచీల రిపోర్టులన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. అందుకని ఆ ఒక్క ఇండెక్స్‌కి ఫిల్ ఫ్యాక్టర్ 80 పెట్టి, అంటే పేజీని 80 శాతమే నింపి మిగతాది కొత్త బిల్లులకి ఖాళీ ఉంచి, వారానికోసారి రీబిల్డ్ చేస్తున్నాం. సర్వర్ మొత్తానికి మాత్రం పెట్టకురా. వరసగా పెరిగే కీ ఉన్న టేబుళ్లలో ఆ ఖాళీ ఊరికే వృథా. మీది స్టాండర్డ్ ఎడిషన్ అయితే ఆన్‌లైన్ రీబిల్డ్ ఉండదు, ఆ సేపు టేబుల్ లాక్ అవుతుంది. పగలు పని ఆగకూడదంటే రీఆర్గనైజ్ చెయ్యి, అంటే కొత్త కాపీ కట్టకుండా ఉన్న పేజీలనే సర్దడం. దాన్ని మధ్యలో ఆపినా అప్పటిదాకా చేసింది పోదు.

అన్నట్టు ఇంకొకటి, ఇది ముందే రాయాల్సింది. నీ రిపోర్ట్ నెమ్మదించడానికి ఫ్రాగ్మెంటేషనే కారణమని ఎలా తేల్చావు? రీబిల్డ్ చేసినప్పుడు ఆ ఇండెక్స్ స్టాటిస్టిక్స్ (డేటా ఎలా ఉందో సర్వర్ రాసి పెట్టుకునే లెక్కలు) కూడా పూర్తి స్కాన్‌తో తాజా అవుతాయి. రీఆర్గనైజ్‌తో అవ్వవు. మా సాయంత్రం రిపోర్ట్ విషయంలో రీబిల్డ్ జోలికి పోకుండా స్టాటిస్టిక్స్ ఒక్కటే ఫుల్ స్కాన్‌తో అప్‌డేట్ చేసి చూశాను. రిపోర్ట్ ఎప్పటిలా చకచకా వచ్చేసింది. అన్నాళ్లూ పాత స్టాటిస్టిక్స్ నమ్ముకుని సర్వర్ తప్పుడు ప్లాన్ (క్వెరీ నడిపే దారి) ఎంచుకుంటోంది, మేమేమో ఆ 97 అంకె వెంట పడ్డాం. నువ్వు మటుకు ముందు అది చేసి, క్వెరీ ఎన్ని పేజీలు చదువుతోందో అంతకుముందు, ఆ తర్వాత రాసి పెట్టుకో.

రేపు రాత్రి జాబ్ స్టెప్పులు, పేజీల లెక్క, కీ ఏమిటో నాకు పంపించు. పదకొండు దాటినా మెలకువగానే ఉంటాను, ఫోన్ చెయ్యి. సంక్రాంతికి టికెట్లు తీశావా? పిల్లలు నిన్ను ఒకటే అడుగుతున్నారు.

నీ
రాము