పాత స్పోర్ట్స్ కార్ల రీకాల్‌కు ఏడేళ్ల గడువా?

సంపాదకులకు,

హైదరాబాద్‌లో పదిహేను, ఇరవై ఏళ్ల నాటి పోర్షె బాక్‌స్టర్, 911 కార్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు రీకాల్ (లోపమున్న బండ్లను సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) లేదని తెలిస్తే చాలు, ఇంజిన్‌కు ఢోకా లేదనుకుంటున్నారు. రీకాల్ వచ్చేది ముఖ్యంగా ప్రాణాపాయం ఉన్న లోపాలకే. ఇంజిన్ మన్నికకు అది హామీ కాదు.

ఈ కార్లలో 1997 నుంచి 2008 మోడల్ దాకా వాడిన ఎం96, ఎం97 ఇంజిన్లనే చూడండి (911 టర్బో, జీటీ3లకు ఈ బాధ లేదు). వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులను నడిపించే ఇంటర్మీడియట్ షాఫ్ట్ చివర సీలు వేసిన బాల్ బేరింగ్ ఉంటుంది. కాలం గడిచేకొద్దీ అందులోని గ్రీజు పోతుంది. బేరింగ్ విరిగితే టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజిన్ పోయినట్టే. 2001–05 మోడళ్ల యజమానులు అమెరికాలో కోర్టుకెక్కితే సెటిల్‌మెంట్ జరిగింది గానీ రీకాల్ రాలేదు.

కొనేముందు ఆయిల్ ఫిల్టర్ తీయించి మడతలు విప్పి చూడండి. మెరిసే రేకులు అయస్కాంతానికి అంటుకుంటే బేరింగ్‌ను అనుమానించాలి. అంటుకోకపోతే బోరోస్కోప్‌తో (లోపలికి దూర్చి చూసే సన్నని కెమెరాతో) సిలిండర్ గోడలపై గీతలున్నాయేమో చూడాలి. దాదాపు 2005 వరకు వచ్చిన చిన్న బేరింగ్‌ను గేర్‌బాక్స్ దించి మార్చవచ్చు. క్లచ్ మార్చేటప్పుడే, వెనుక ఆయిల్ సీలుతో పాటు ఆ పని చేయిస్తే కూలీ ఒక్కసారితో పోతుంది. ఆ తర్వాతి పెద్ద బేరింగ్ మాత్రం ఇంజిన్‌ను రెండు ముక్కలుగా విప్పితే తప్ప బయటికి రాదు. బండి తిరిగినా తిరగకున్నా ఏడాదికోసారి ఆయిల్ మార్చాల్సిందే.

నిజంగా ప్రాణం తీసేది, రీకాల్ వచ్చిందీ జపాన్ కంపెనీ టకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగ్‌కు. మజ్దా ఆర్‌ఎక్స్-8, ఫోర్డ్ మస్టాంగ్ వంటి కార్లూ ఆ రీకాల్‌లో ఉన్నాయి. ఇన్‌ఫ్లేటర్‌లోని (బ్యాగ్‌ను గ్యాస్‌తో ఉబ్బించే డబ్బాలోని) అమ్మోనియం నైట్రేట్ వేడికి, తేమకు ఏళ్ల తరబడి పాడై, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు డబ్బానే పగలగొట్టి ఇనుప ముక్కలను మనిషి మీదికి విసురుతుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోత దానికి మరీ చేటు.

మన దగ్గర 2021 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన తప్పనిసరి రీకాల్ నిబంధన ఏడేళ్లలోపు వాహనాలకే వర్తిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ముదిరే ఇలాంటి లోపానికి ఆ గడువు ఏం న్యాయం? భద్రతా లోపాలకు దాన్ని కేంద్రం ఎత్తివేయాలి. ఛాసిస్ నంబరు కొడితే ఏ కంపెనీ రీకాలైనా కనిపించే ఏర్పాటు కేంద్రం వాహన రిజిస్ట్రేషన్ల వెబ్‌సైట్ అయిన వాహన్ పోర్టల్‌లోనే ఉండాలి. అప్పటిదాకా యజమానులు 17 అక్షరాల ఆ నంబరును కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఈమెయిల్ చేసి, పెండింగ్ రీకాళ్లపై జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

– కొందరు కార్ మెకానిక్‌లు, హైదరాబాద్