స్థానిక ఆర్థికాభివృద్ధిని వృత్తిగా గుర్తించాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలోని విద్య, ఉద్యోగ సమాచార పేజీలను నేను క్రమం తప్పకుండా చదువుతాను. వాటిలో గ్రూప్స్, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఇస్తున్న చోటులో కొంతైనా స్థానిక ఆర్థికాభివృద్ధి రంగానికి కేటాయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. పట్టణాల్లో, మండలాల్లో కుంటుబడిన చేతివృత్తులను, చిన్న పరిశ్రమలను, సంతలను తిరిగి నిలబెట్టడం ఏదో ఒక పథకం కింద రెండు మూడేళ్లు చేసి వదిలేసే పని కాదు. చదివి, నేర్చుకుని, జీవితాంతం చేయదగిన వృత్తి.

బట్టపై కలంతో, సహజ రంగులతో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. దాదాపు కనుమరుగయ్యే దశకు చేరిన ఆ కళ, 1950ల్లో చేతివృత్తుల పునరుద్ధరణకు కృషి చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు పట్టుబట్టి అక్కడ శిక్షణ కేంద్రం ఏర్పాటయ్యేలా చూసి, పాత పనివారి చేత కొత్తతరానికి నేర్పించడం వల్లనే బతికి బట్టకట్టింది. ఆ తర్వాత, ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అయితే గుర్తింపు పత్రంతోనే కుటుంబం గడవదు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెట్టాలి. ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే గానీ నల్లరంగు సిద్ధం కాదు. పటిక పూసిన చోటే ఎర్రరంగు పట్టుకుంటుంది. ప్రతి దశ తర్వాతా బట్టను పారే నీటిలో జాడించాలి. అక్కడి స్వర్ణముఖి నది ఏడాదిలో చాలాకాలం ఎండిపోయి ఉంటుంది కనుక నీటి కోసమే పనివారు అవస్థ పడాలి. ఇంత చేసి తెచ్చిన చీర పక్కనే, అచ్చు అలాంటి బొమ్మలతో స్క్రీన్ ప్రింట్ చీర అతి తక్కువ ధరకు దొరుకుతుంది. ఇలాంటి చోట స్థానిక ఆర్థికాభివృద్ధి పని చేసేవారికి రుణ దరఖాస్తు నింపడం వస్తే చాలదు. నీటి వసతి, నాణ్యత గుర్తింపు, కొనుగోలుదారులతో ఒప్పందాలు, ఉమ్మడి సౌకర్య కేంద్రం నిర్వహణ, అన్నింటికీ మించి పనివారి నమ్మకం, ఇవన్నీ ఒకే మనిషి ఏళ్ల తరబడి చూసుకుంటేనే ఫలితం కనిపిస్తుంది. మాధవమాల కొయ్యబొమ్మలకూ, వెంకటగిరి నేతకూ ఇదే వర్తిస్తుంది.

చిత్తూరు వైపు తోతాపురి మామిడి సంగతి మరోలా ఉంటుంది. 2025లో ధర పడిపోయినప్పుడు రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా, అందులో 4 రూపాయలు తానే భరిస్తానని ప్రభుత్వం ప్రకటించింది. ఆ సాయం అవసరమే, కాదనను. అయితే గుజ్జు పరిశ్రమల దగ్గర పాత నిల్వలు ఎంత ఉన్నాయి, ఎగుమతి ఆర్డర్లు ఎలా ఉన్నాయి అని కోతకు నెలల ముందే లెక్క తీసి రైతులను, పరిశ్రమలను ఒకచోట కూర్చోబెట్టే బాధ్యత ఏడాది పొడవునా ఎవరిదో స్పష్టంగా ఉండాలి. పండ్ల ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరాక చేయగలిగింది తక్కువ.

జిల్లా పరిశ్రమల కేంద్రం, డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ), మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ), తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వంటి సంస్థలు మనకు ఉన్నాయి. వాటిలో అంకితభావంతో పనిచేస్తున్నవారూ ఉన్నారు. కానీ డిప్యుటేషన్ మీద వచ్చిన అధికారి ఊరు అర్థమయ్యేసరికి బదిలీ అవుతారు. ఒప్పంద పద్ధతిలో చేరిన యువకులు కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ, అది రాకపోతే మరో ఉద్యోగం వెతుక్కుంటారు. వారితోపాటే వారు సంపాదించుకున్న పరిచయాలు, అనుభవం కూడా వెళ్లిపోతాయి. నా దృష్టిలో నిధుల కొరత కన్నా ఇదే పెద్ద నష్టం.

1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉన్నాయి. అర్థశాస్త్రం, వాణిజ్యం, సామాజిక సేవ చదివే విద్యార్థులకు ఒక సెమిస్టరు పూర్తిగా శ్రీకాళహస్తిలోనో, వెంకటగిరిలోనో, చిత్తూరు మామిడి పల్లెల్లోనో పనిచేసే పీజీ కోర్సును ఈ విశ్వవిద్యాలయాలు ఆలోచించాలి. ప్రభుత్వం జిల్లా స్థాయిలో ఈ పనికి శాశ్వత పోస్టులను, పదోన్నతి మార్గాన్ని కల్పించాలి. లేకపోతే ఏ తల్లిదండ్రులూ బిడ్డను ఈ వైపు పంపరు, వారిని తప్పుపట్టనూ లేము. ఈ రంగంలో ఉన్నవారి అనుభవాలను, అందులో చేరడానికి అవసరమైన చదువులను, దొరికే జీతభత్యాలను మీ పత్రిక ఉన్నదున్నట్టు ప్రచురిస్తే ఈ జిల్లాల డిగ్రీ విద్యార్థులకు ఎంతో ఉపయోగపడుతుంది.

ఇట్లు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి.