కొవ్వు తగ్గించమంటున్నారు సరే, అసలు అదేమిటో ఎప్పుడు రాస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్ ఆరోగ్యం పేజీలో గుండె జబ్బుల మీద వ్యాసం వచ్చిందంటే చివర్లో ఏముంటుందో చదవకుండానే చెప్పేయొచ్చు. కొవ్వు తగ్గించండి, నూనె తగ్గించండి, కొలెస్ట్రాల్ చూపించుకోండి. సలహా తప్పని నేననడం లేదు. కానీ ఇన్నేళ్లుగా చదువుతున్నాను, ఈ కొవ్వు ఒంట్లో ఎందుకుంది, ఎలా కట్టి ఉంటుంది, లేకపోతే ఏమవుతుంది అని ఒక్క అరపేజీ వేసినట్టు గుర్తులేదు. నేను చెన్నైలో ఒక ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన దాన్ని. లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, రిపోర్టు చేత్తో పట్టుకుని కౌంటర్ దగ్గర బిక్కమొహంతో నిలబడే మనవాళ్లను చాలామందిని చూశాను. లావు అక్షరాల్లో ఉన్న అంకె చూసి టెన్షన్ పడిపోతారు, ఇంటికెళ్లి కూరలో పోపు మానేస్తారు, మూడు నెలల తర్వాత అదే అంకెతో మళ్లీ వస్తారు. ఎందుకు తగ్గలేదో వాళ్లకు ఎవరూ చెప్పరు.

కొవ్వులనూ కొవ్వులాంటి పదార్థాలనూ కలిపి లిపిడ్లంటారు, అంటే అది ఒక పదార్థం కాదు. నీళ్లలో కరగకపోవడం తప్ప వాటి మధ్య పెద్దగా పోలిక కూడా లేదు. మనం వంటకు వాడే నూనె, నెయ్యి, పొట్ట చుట్టూ పేరుకునేది, ఇవన్నీ ట్రైగ్లిజరైడ్లు. మూడు కార్బన్లున్న గ్లిజరాల్‌కు మూడు ఫాటీ ఆసిడ్ల గొలుసులు తగిలించి ఉంటాయి, అంతే నిర్మాణం. కొవ్వులోంచి గ్లిజరాల్ ఒకవైపు, ఫాటీ ఆసిడ్లు ఒకవైపు వస్తాయని తేల్చినవాడు షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, సబ్బుల మీద పనిచేస్తూ పట్టుకున్నాడు, 1823లో పుస్తకంగా వేశాడు. ఆయన 102 ఏళ్లు బతికాడు. ఇది చదివి ఎవరూ నెయ్యి పెంచొద్దని మనవి.

అసలు తేడా అంతా ఆ గొలుసుల్లో ఉంది. ఎక్కువగా 16, 18 కార్బన్ల పొడవుంటాయి. కార్బన్ల మధ్య జంట బంధం ఒక్కటీ లేకపోతే గొలుసు నిటారుగా ఉంటుంది, అది శాచురేటెడ్. జంట బంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది. చీపురుపుల్లలు తిన్నగా ఉంటే కట్ట బిగువుగా వస్తుంది, వంకర పుల్లలైతే ఎంత నొక్కినా సందులుంటాయి, కొవ్వు గట్టిపడటమూ కారడమూ సరిగ్గా ఇలాగే. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం శాచురేటెడ్ కాబట్టి చలి అంటే ఎరగని మన చెన్నైలో కూడా డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సీసాలో పేరుకుంటుంది, పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం కదులుతూనే ఉంటుంది. పామాయిల్‌లో శాచురేటెడ్ సగం దాకా ఉంటుంది. వేరుశనగ నూనెలో ఒక జంట బంధం ఉన్న ఒలీయిక్ ఆసిడ్ ఎక్కువ, మామూలు సన్‌ఫ్లవర్‌లో రెండున్న లినోలీయిక్ ఎక్కువ, నువ్వుల నూనెలో రెండూ ఇంచుమించు సమానం. శాచురేటెడ్ ఎక్కువ తింటే రక్తంలో ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అని పిలిచేది) పెరుగుతుంది, కాబట్టి నూనె మొత్తం ఎంత అన్నదే కాదు, ఏ నూనె అన్నది కూడా చూడాలి. ఇక వనస్పతి సంగతి. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచేటప్పుడు మిగిలిన కొన్ని జంట బంధాలు మెలి తిరిగి ట్రాన్స్ రూపంలోకి మారతాయి, అప్పుడు జంట బంధం ఉండి కూడా గొలుసు నిటారుగానే ఉంటుంది. ఇది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది, మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, రెండు వైపులా నష్టమే. మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి నియమం అమల్లో ఉంది, దీన్ని మీరు వార్తగా వేసే ఉంటారు, ట్రాన్స్ అంటే ఏమిటో మాత్రం వేసి ఉండరు.

ఒంట్లో ట్రైగ్లిజరైడ్ల పని దాచిపెట్టడం. గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీలిస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది, పైగా నీళ్లను పట్టుకోకుండా నిల్వ ఉంటుంది. అంతేకాదు, కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ విడుదల చేసి, నిల్వ ఎంతుందో మెదడుకు చెబుతుంటాయి. ఇది 1994 దాకా ఎవరికీ తెలియదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఫాస్ఫోలిపిడ్లు, వాటి పేరు మీ ఆరోగ్యం పేజీలో ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. ఇక్కడ గ్లిజరాల్‌కు రెండు గొలుసులే ఉంటాయి, మూడో చోట ఫాస్ఫేట్ ఉన్న తల ఉంటుంది. తలకు నీళ్లు కావాలి, తోకలకు, అంటే ఆ గొలుసులకు, నీళ్లు పడవు. నీళ్లలో వేస్తే ఎవరూ చెప్పకుండానే తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని రెండు వరుసలుగా సర్దుకుంటాయి. మన ఒంట్లో ప్రతి కణానికీ గోడలా ఉండే పొర ఇదే. మందం 5 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. రెండు వరుసలని ఎలా తెలిసిందంటే, 1925లో హాలెండ్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల్లోంచి లిపిడ్లు తీసి నీటి మీద ఒకే పొరగా పరిచి కొలిచారు, ఆ కణాల ఉపరితలానికి అది సరిగ్గా రెట్టింపు వచ్చింది. తమాషా ఏమిటంటే వాళ్లు లిపిడ్లు పూర్తిగా తీయలేకపోయారు, కణం వైశాల్యం కూడా తక్కువే లెక్కేశారు, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు మాత్రం నిజమైంది.

అదే 1925లో మనవాడు ఒకాయన చేసిన పని కూడా ఇక్కడే చెప్పాలి. భీమవరంలో పుట్టి, ఈ ఊళ్లోనే మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేట్ కలిపితే నీలం రంగు వస్తుంది, నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత. ఫాస్ఫోలిపిడ్ తలలో ఫాస్ఫరస్ ఉంటుంది కాబట్టి ఒక నమూనాలో అవి ఎంతున్నాయో తేల్చడానికీ ఆ నీలం రంగే ఆధారమైంది. మా తరం ల్యాబ్ వాళ్లందరం ఫిస్క్-సుబ్బారావు పద్ధతి చేతులారా చేసినవాళ్లమే. ఆయన జయంతికి మీరు ఏటా వేసే చిన్న బాక్సులో యాంటీబయాటిక్ గురించి ఉంటుంది, దీని గురించి ఉండదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లోకి వేసే సర్ఫాక్టెంట్ మందు కూడా ప్రధానంగా ఫాస్ఫోలిపిడే. అది లేక గాలిగదులు ముడుచుకుపోయి ఆ పసికందులు ఊపిరి అందక చనిపోతున్నారని 1959లో బయటపడింది. పుట్టగానే తీసుకునే మొదటి ఊపిరికే కొవ్వు కావాలన్నమాట.

ఇక కొలెస్ట్రాల్. ఇది పై రెండింటిలా కాకుండా నాలుగు వలయాలు అతుక్కుని ఉండే అణువు. కాల్చి కేలరీలు తీసుకోవడానికి పనికిరాదు. కణం గోడలో ఫాస్ఫోలిపిడ్ల మధ్య దూరి గోడ మరీ జారిపోకుండా, మరీ బిగుసుకోకుండా చూస్తుంది. కార్టిసాల్, టెస్టోస్టిరాన్, ఈస్ట్రోజెన్ హార్మోన్లన్నీ దీన్నుంచే తయారవుతాయి. తిన్న కొవ్వును అరిగించే పిత్త ఆమ్లాలూ దీన్నుంచే. చర్మం మీద ఎండ పడితే తయారయ్యే విటమిన్ డికి ముడిసరుకు కూడా కొలెస్ట్రాల్ తయారీ దారిలోని ఒక పదార్థమే. ఇన్ని పనులున్నాయి కాబట్టే తిండి మీద ఆధారపడకుండా శరీరం తనంతట తాను చేసుకుంటుంది, లివర్ అందులో ముందుంటుంది. మొక్కలకు దీంతో పెద్ద పని లేదు, అందుకని వేరుశనగలోనైనా సన్‌ఫ్లవర్‌లోనైనా పామాయిల్‌లోనైనా చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అలాంటప్పుడు నూనె ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో కొలెస్ట్రాల్ లేదని వేసుకోవడం అబద్ధం కాదు గానీ, దాంతో కొనేవాళ్లకు తెలిసేదేమీ లేదు. చూడాల్సింది వెనకవైపు సన్న అక్షరాల్లో శాచురేటెడ్, మోనో (ఒక జంట బంధం ఉన్నవి), పాలీ (ఒకటికి మించి ఉన్నవి), ట్రాన్స్ అని ఉండే నాలుగు అంకెలు. ఈ మధ్య మన వీధివీధినా వెలిసిన మరచెక్కు, అంటే చెక్క గానుగ, నూనె దుకాణాల సంగతీ అంతే. గానుగ నూనె వాసన, రుచి బాగుంటాయి, కొన్ని మంచి పదార్థాలు నిలుస్తాయి, ఒప్పుకుంటాను, కానీ చెక్క గానుగలో ఆడినంత మాత్రాన కొబ్బరినూనెలో ఫాటీ ఆసిడ్లు మారిపోవు.

మీ వ్యాసాల వల్ల జరిగిన ఒక నష్టం చెప్పక తప్పదు. మా పక్క పోర్షన్‌లో ఉండే అమ్మాయి ఏడాదిన్నర పిల్లాడికి పప్పన్నంలో నెయ్యి మానేసింది, వెన్న తీసిన పాలు పడుతోంది. ఎందుకమ్మా అంటే, "ఇప్పట్నుంచే కొలెస్ట్రాల్ కంట్రోల్‌లో పెట్టాలని పేపర్లో వేశారు కదా ఆంటీ" అంది. మీరు వేసింది నడివయసు వాళ్ల గురించి, ఆ ముక్క ఎక్కడా రాయలేదు. తల్లిపాలల్లో సగం శక్తి కొవ్వు నుంచే వస్తుంది. నరాల చుట్టూ ఉండే మైలిన్ తొడుగులో, నీళ్లు తీసేసి చూస్తే, 70 శాతం పైగా లిపిడ్లే, అది శరవేగంగా తయారయ్యేది మొదటి రెండేళ్లలో. ఒంటి బరువులో మెదడు 2 శాతమే అయినా ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఐదో వంతు పైన అక్కడే ఉంటుంది, రక్తంలోంచి తెచ్చుకోదు, అక్కడే చేసుకుంటుంది. పైగా విటమిన్ ఎ, డి, ఇ, కె ఒంటికి పట్టాలంటే తిండిలో కొవ్వు ఉండాలి. పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని చెప్పాను, వెళ్లింది, మామూలు పాలు మళ్లీ మొదలయ్యాయి.

రిపోర్టు దగ్గరికి వస్తాను, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే. నీళ్లలో కరగని సరుకు రక్తంలో తిరగాలంటే ప్రోటీన్లతో, ఫాస్ఫోలిపిడ్లతో పొర కట్టిన రేణువుల్లో వెళ్లాలి. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ ఆ రేణువుల పేర్లు. రెండింట్లో ఉండే కొలెస్ట్రాల్ అణువు ఒక్కటే, మంచిది వేరు చెడ్డది వేరు కాదు. ఎల్‌డీఎల్ రేణువులు మరీ ఎక్కువైతే ధమని గోడలోకి చొరబడి పేరుకుంటాయి. రక్తంలోంచి వాటిని లివర్ ఎలా పట్టుకుని లాగేసుకుంటుందో కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టైన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు పనిచేసేది ఆ దారిలోనే, మాత్ర వల్ల సొంత తయారీ తగ్గిన లివర్ రక్తంలోంచి ఎక్కువ లాక్కుంటుంది. కాబట్టి కొలెస్ట్రాల్ అవసరమైందే కదా అని ఈ ఉత్తరం చూపించి ఎవరూ మాత్ర ఆపకండి, వాట్సాప్‌లో అలా రాసేవాళ్లు ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు.

ట్రైగ్లిజరైడ్ల అంకె వేరు కథ. "మేడమ్, నూనె పూర్తిగా మానేశాం, అయినా తగ్గలేదు" అని అడిగేవాళ్లు. మూడుపూటలా ఏం తింటారో కనుక్కుంటే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం గిన్నెడు అన్నం, సాయంత్రం రెండు చక్కెర కాఫీలు, కొందరికి రాత్రి మద్యం. అవసరానికి మించిన పిండినీ చక్కెరనూ లివర్ కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్ రేణువుల్లో రక్తంలోకి పంపుతుంది, మద్యం దాన్ని ఇంకా పెంచుతుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అనే జోడీ మన దక్షిణాసియా వాళ్లలో బాగా కనిపిస్తుంది, దానికి పోపు గరిటెను తప్పుపట్టి లాభం లేదు. ఇంకొకటి, చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తారు, 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం అది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ సూత్రం పనిచేయదు. ముందురోజు పెళ్లి భోజనం లాగించి పొద్దున్నే రక్తమిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కొవ్వులన్నీ ఒళ్లే చేసుకుంటుందా అంటే అదీ లేదు. లినోలీయిక్, ఆల్ఫా లినోలినిక్ అనే రెండు ఫాటీ ఆసిడ్లు తిండిలోంచే రావాలి. కొవ్వు బొత్తిగా లేని తిండి పెడితే ఎలుకలు పెరగక, చర్మం పొలుసులు కట్టి చచ్చిపోతాయని 1929లో బర్ దంపతులు చూపించారు. మొదటిది మన నూనెల్లో బోలెడంత ఉంది, రెండోదానికి అవిసె గింజలు తినాలి, లేదా అదే ఒమేగా-3 జాతిలో పొడవు గొలుసులున్న మత్తి (సార్డీన్) చేపలు కాసిమేడు చేపల రేవులో చవగ్గానే దొరుకుతాయి.

ఒకే నూనెలో మళ్లీమళ్లీ వేయించే బజ్జీల గురించి కూడా రాయండి. వేడికి గొలుసులు విరిగి, ఒకదానికొకటి అతుక్కుని పోలార్ కాంపౌండ్లు పుడతాయి, అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 నుంచి నియమం ఉంది. మెరీనా ఇసుకలో బండి దగ్గర నిలబడి దాన్ని ఎవరు కొలుస్తారో మీ రిపోర్టర్ని పంపి కనుక్కోవచ్చు.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. చెన్నై ఎడిషన్‌లోనైనా ఒక ఆదివారం అరపేజీ ఇచ్చి ట్రైగ్లిజరైడ్, ఫాస్ఫోలిపిడ్, కొలెస్ట్రాల్ మూడింటి బొమ్మలూ పక్కపక్కన వేసి, కింద ఒక నమూనా రిపోర్టు, ఒక నూనె ప్యాకెట్ వెనక భాగం వేసి అంకె అంకెకూ అర్థం చెప్పించండి. ప్రతి సలహా ఏ వయసు వాళ్లకో రాయండి. బొమ్మలు గీయడానికి ఎవరూ దొరక్కపోతే చెప్పండి, ప్లస్ టూ చదివే మా మనవరాలు బయాలజీ రికార్డులో వేసిన ఫాస్ఫోలిపిడ్ బొమ్మ చాలా పొందిగ్గా ఉంది, ఫోటో తీసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై