అద్దం మోటారుకూ స్ప్రింగులకూ ఏం సంబంధం?

సంపాదకులకు నమస్కారం.

కారుకు బయటి కంపెనీ భాగాలు వేసుకుంటే వారంటీ మొత్తం పోతుందని మీ పత్రికలో ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. సర్వీస్ సెంటర్‌లో నాకూ ఇదే మాట చెప్పారు. అందులో నిజమెంతో చెబుదామనే ఈ ఉత్తరం.

30 ఏళ్లు మెషిన్ షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. చేతులు ఊరుకోవు. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీలో సామాను పెడితే మా కారు అడుగు స్పీడ్ బ్రేకర్లకు రాసుకునేది. అందుకని కాస్త గట్టి స్ప్రింగులూ, వాటికి సరిపడే షాక్ అబ్జార్బర్లూ తెప్పించి, రెండు రోజుల్లో నేనే బిగించాను. ముందు చక్రాల దగ్గర స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే భాగం, విప్పడమే అసలు పని. అందులో స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ పనిముట్టుతో రెండు వైపులా సమంగా పట్టి, స్ట్రట్ పైభాగం మీద దాని ఒత్తిడి పూర్తిగా పోయిందని చూసుకోకుండా పైనున్న నడిమి నట్టు విప్పితే ప్రాణమే పోవచ్చు. అలవాటు లేనివాళ్లు ఆ ఒక్క పనికి మెకానిక్ దగ్గరికి వెళ్లండి, నామోషీ ఏమీ లేదు.

అంత అనుభవమున్నా నేనూ తప్పు చేశాను. కారు స్టాండ్ల మీద ఉండగానే, చక్రాలు వేలాడుతుండగానే, చక్రాన్ని కారు అడుగుకు కలిపే లోయర్ ఆర్మ్ బోల్టులు చివరిదాకా బిగించేశాను. అక్కడ బోల్టు చుట్టూ రబ్బరు తొడుగు, అంటే బుష్, ఉంటుంది. బోల్టు బిగిసిన కోణంలోనే అది పట్టుకుపోతుంది, కారు కిందికి దించగానే రబ్బరు మెలిపడుతుంది, ఆ మెలికలోనే ఉండిపోతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టులను, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఎనిమిది నెలలకే బుష్‌లు చిరిగి, గతుకుల్లో టక్‌టక్‌మనడం మొదలైంది. అది నా పాపం. వారంటీ ఊసెత్తకుండా సొంత డబ్బుతో కొత్తవి వేసుకుని, చక్రాల అలైన్‌మెంట్ మళ్లీ చేయించుకున్నాను.

తర్వాత రెండు నెలలకు వెనక ఎడమ తలుపు అద్దం దిగింది, మళ్లీ పైకి రాలేదు. మోటారు పోయింది. వారంటీ ఇంకా ఏడాది ఉంది. సర్వీస్ సెంటర్ కుర్రాడు కారు కిందికి వంగి చూసి, "బయటి స్ప్రింగులు వేశారు కదా సార్, వారంటీ రాదు" అన్నాడు. "ఆ స్ప్రింగులు ఈ అద్దాన్ని ఎలా ఆపాయి బాబూ?" అంటే "సిస్టమ్ తీసుకోదు సార్" అన్నాడు. తప్పు అతనిది కాదులెండి.

ఇంటికొచ్చి వారంటీ పుస్తకం తీశాను. బయటి భాగాల 'వల్ల' కలిగిన నష్టానికి వర్తించదని అందులో ఉంది. ఆ 'వల్ల'ను కౌంటర్ దగ్గర మింగేశారు. అమెరికాలోనైతే 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. ఫలానా బ్రాండు భాగాలే వాడాలని వారంటీకి షరతు పెట్టడం దాని ప్రకారం సాధారణంగా కుదరదు, ఆ భాగాలు ఉచితంగా ఇస్తే తప్ప.

కంపెనీల వైపూ కొంత న్యాయముంది. కారు ఎత్తు బాగా పెంచితే ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే డ్రైవ్ షాఫ్టు కోణం మారి దాని కీలు మీది రబ్బరు తొడుగు (బూటు) త్వరగా చిరగొచ్చు. బయటి షాక్ అబ్జార్బరే కారితే దాన్ని తయారుచేసినవాళ్లనే అడగాలి. అక్కడ కార్ల కంపెనీ చేతులెత్తేస్తే నేను నోరెత్తను.

నా అద్దం సంగతి వేరు. ఏ భాగం వల్ల ఏది పాడైందో కాగితం మీద రాసివ్వమని ఉత్తరం పెట్టాను. బిల్లులు, మీటరు రీడింగు కనిపించేలా తీసిన ఫొటోలు, అలైన్‌మెంట్ రిపోర్టు జతచేశాను. పదకొండు రోజులకు ఫోన్ వచ్చింది, "ఈసారికి చేసిస్తాం, తీసుకురండి" అని. మోటారు మార్చారు. కాగితం మాత్రం ఇవ్వలేదు.

ఆ 'ఈసారికి' దగ్గరే నాకు మండింది. వారంటీ నేను డబ్బు పెట్టి కొన్న కారుతో వచ్చింది, ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. కాదనదలిస్తే కారణం రాసి సంతకం పెట్టి కాదనాలి. ఆ కాగితం కోసం మొన్న మూడో ఉత్తరం పోస్టు చేశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్