ఏడో నంబరు దొరికింది!

తిరుపతి బస్టాండు,
ఆదివారం

మధూ,

రెండు నెలలుగా జవాబు రాయనందుకు కోపంగా ఉంటావని తెలుసు. క్షమించు. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, చెల్లి పెళ్లి మాఘంలో. చిత్తూరు బస్సు వచ్చేలోగా ఒక్క సంగతి చెప్పకపోతే నా మనసు ఆగదు.

చంద్రగిరి దగ్గర మామిడి తోటలో తేమ కొలిచే సెన్సార్లు పూడ్చామన్నాను కదా. నేల లోపలి నుంచే 433 మెగాహెర్ట్జ్ రేడియోతో ఒకదానికొకటి కబురు పంపుకునే డబ్బాలు. నాగలికి తగలకుండా 40 సెంటీమీటర్ల లోతున పెట్టాం. దసరా తర్వాత ట్రాక్టరు దున్నుతూ మా గుర్తు కొయ్యలన్నీ లేపేసింది. చెట్ల మొదళ్ల దగ్గరున్న మూడే మిగిలాయి. ఏడో నంబరు బ్యాటరీ అయిపోవస్తోంది, అది ఎక్కడుందో తెలియదు!

చోటు చెప్పే ఉపగ్రహ సంకేతం అంత లోతుకు దిగదు. కాబట్టి ఆ మూడు కొయ్యల కింది డబ్బాలకూ ఏడోది ఎంత బలంగా వినబడుతోందో చూసి, ఆ బలం నుంచి దూరం లెక్కగట్టి, ఒక్కో డబ్బా చుట్టూ అంత దూరాన వృత్తం గీసి, మూడు వృత్తాలు కలిసే చోట తవ్వాలి. వేసవిలో వేరే డబ్బాలతో చూస్తే ఈ లెక్క బాగానే కుదిరింది. ఈసారి నాలుగు రోజుల ముసురు తర్వాత వేస్తే వృత్తాలు కలవనే లేదు. ఉత్తరపు డబ్బా 12 మీటర్లంటోంది. సర్దుబాటు చేస్తే బావి గట్టు వచ్చింది. అక్కడ మూడు గోతులు తవ్వాను మధూ, రాళ్లు తప్ప ఏమీ లేవు. చీకటి పడింది. ఆ డబ్బా చచ్చిపోతే ఏడాది రీడింగుల్లో ఒక మూల ఖాళీ. ఏడుపొచ్చింది.

అప్పుడు తోట పెద్దాయన వచ్చి, 'ఆ ఉత్తరం పక్క మా నాయన చెరువు మన్ను తోలించాడు నాయనా. వానొస్తే వారమైనా ఆరదు' అన్నాడు.

ఒళ్లు ఝల్లుమంది! చుట్టూ ఎర్రనేల, నీళ్లు ఇంకిపోతాయి. చెరువు మన్ను బంకమట్టి, పట్టి ఉంచుతుంది. విద్యుత్ క్షేత్రానికి ఎండు మట్టి చూపే స్పందన (పెర్మిటివిటీ అంటారే, అది) 4 అంకెకు అటూ ఇటూ ఉంటే, నీటిది 80 దాకా. తడిసిన చోట తరంగం నెమ్మదిస్తుంది, నీరు దాని శక్తిని తాగేస్తుంది. సంకేతం బలహీనపడింది దూరం వల్ల కాదు! మన లెక్కలో సంకేతం బలం 12 డెసిబెల్స్ తగ్గితే దూరం నాలుగింతలైనట్టే. ఆ తడి ఎంతో చెప్పేది కూడా డబ్బాలే, ఆ అంకెలు మొదటి రోజు నుంచీ నా దగ్గరే ఉన్నాయి. వాటిని లెక్కలో కలిపాను. ఉత్తరపు వృత్తం కుంచించుకుపోయింది. టార్చి వెలుగులో పెద్దాయనా నేనూ తవ్వాం. తగిలింది! టేపు పెడితే ఉత్తరపు డబ్బా నుంచి 3 మీటర్లు.

నువ్వు పక్కన ఉండి ఉంటే... సరేలే.

రాత్రంతా నిద్ర లేదు. సంకేతం ఎక్కడెక్కడ తగ్గిందో గీస్తే ఆ తోటలో చెరువు మన్ను ఎక్కడుందో పటం వచ్చేస్తుంది కదా! రేడియో బదులు అయస్కాంత క్షేత్రంతో కబురు పంపే తీగచుట్టలు వాడితే? అయస్కాంత క్షేత్రానికి తడి మట్టీ గాలీ దాదాపు ఒకటే. కానీ దూరం రెట్టింపైతే అందే శక్తి 64వ వంతే. అయినా మూడు మీటర్లకు

బస్సు వచ్చింది. మిగతాది చిత్తూరు నుంచి.

నీ
శీను